ఇంట్లో కరోకే: మైక్ అందరికీ ఇవ్వాలా, పాడగలిగినవాళ్ళకేనా?

మూడో అంతస్తు:
పోయిన శనివారం మా పెళ్ళిరోజుకి ఇంట్లో కరోకే పెట్టాం. కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, వచ్చింది పద్నాలుగు మంది, టీవీలో యూట్యూబ్ ట్రాకులు (గాయకుల గొంతు ఉండదు, సంగీతం మాత్రమే), అద్దెకి తెచ్చిన స్పీకరు, రెండు మైకులు. మా ఆయన స్నేహితుడు ఒకాయన సంగీతం నేర్చుకున్నాడు. వరసగా తొమ్మిది పాటలు పాడాడు, బాగానే పాడాడు, అబద్ధం ఎందుకు, కాకపోతే ఆయన మైక్ కింద పెట్టాక ఇంకెవ్వరూ దాన్ని ముట్టుకోలేదు. మా అత్తగారు ఒక్కరే ధైర్యం చేసి సుశీల గారి పాత పాట ఒకటి అందుకున్నారు. పల్లవి సగంలో గొంతు అందలేదు, ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ మైక్ సోఫా మీద పెట్టేసి "బిర్యానీ చల్లారిపోతోంది" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. బిర్యానీ హాట్‌ప్యాక్‌లోనే ఉంది.

అప్పటినుంచీ ఇంట్లో ఇదే గొడవ. పాడగలిగినవాళ్ళు పాడితేనే వినేవాళ్ళకి సుఖం అంటారు ఈయన. అలాగైతే అది కచేరీ, కరోకే ఎందుకవుతుంది అంటాను నేను. మీరేమంటారు?

శ్రుతిపెట్టె:
నేను మీ ఆయన పార్టీ అండీ. అత్తగారిని చూసి నవ్వడం తప్పే, అది వేరే సంగతి. కానీ వచ్చిన పద్నాలుగు మందీ మనుషులే కదా. పోయిన డిసెంబరులో ఒకరింట్లో మూడు గంటలు కూర్చున్నాను, ఒకాయన అదే పాట మూడుసార్లు పాడాడు, ప్రతిసారీ రెండో చరణంలో కొత్త వరస కట్టాడు, మేమంతా మొహమాటానికి చప్పట్లు కొట్టాం. పిలిచినవాళ్ళకి అతిథుల చెవుల మీద కూడా కొంచెం దయ ఉండాలి.

ఎకో ఎక్కువ:
కరోకే పుట్టిందే పాడటం రానివాడి కోసమండీ. 1971లో, జపాన్‌లోని కోబేలో, ఇనోవే దైసుకే అని ఒక కీబోర్డు వాయించేవాడు. బార్లలో కస్టమర్లు పాడుతుంటే వెనక వాయించేవాడు. ఆ కస్టమర్లలో ఒకాయన, ఏదో కంపెనీ యజమాని, తాళం తప్పి పాడినా ఇతను వెనకే పట్టుకుని సర్దేసేవాడు. ఆ యజమాని ఊరెళ్తూ నువ్వు కూడా రా అంటే ఇతనికి కుదరక, ఆయన గొంతుకి తగ్గట్టు వాయించి టేపు రికార్డు చేసి ఇచ్చాడు. అక్కడినుంచి వచ్చిన ఆలోచనే ఇతను చేసిన కరోకే పెట్టె. పేటెంటు కూడా తీసుకోలేదు పాపం. 2004లో ఇతనికి ఇగ్ నోబెల్ (నోబెల్‌ని అనుకరిస్తూ సరదాగా ఇచ్చేది) శాంతి బహుమతి ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడానికి కొత్త దారి చూపించినందుకట. మీ మూడు గంటలు దాని కిందే రాసుకోండి శ్రుతిపెట్టె గారూ.

శ్రుతిపెట్టె:
బాగుంది, కానీ ఆ యజమాని గొంతుకి తగ్గట్టు వాయించి ఇచ్చాడని మీరే రాశారు. మనం ఎవరికి అలా చేస్తున్నాం? యూట్యూబ్ ట్రాకు ఎక్కువగా అసలు గాయకుల శ్రుతిలోనే ఉంటుంది. సుశీల గారి పాట ఆ ఎత్తులో అరవై దాటిన మనిషి పాడాలంటే ఎలా? అక్కడ స్పీడ్ మార్చుకోవచ్చు గానీ దాంతో లయ మారుతుంది, శ్రుతి మారదు. కొన్ని కరోకే యాప్‌లలో, కొన్ని సౌండ్ మిక్సర్లలో శ్రుతి దించుకునే వీలుంటుంది, అది ఎవరూ ముట్టుకోరు.

బోధన్ పిల్ల:
మా ఇంట్లో రూలు ఒక్కటే, పల్లవి, ఒక చరణం, అంతే, ఎంత బాగా పాడినా సరే మైక్ పక్కవాళ్ళకి. రెండో చరణంలోనే అందరూ మునుగుతారు కాబట్టి ఇది అందరికీ మంచిది. మధ్యలో ఆ పొడుగు మ్యూజిక్ బిట్ వచ్చినప్పుడు మైక్ పట్టుకుని దిక్కులు చూసే బాధ కూడా తప్పుతుంది. ఇంకో మాట, మూడో అంతస్తు అక్కా, ఆ ట్రాకుల్లో సాహిత్యం ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే పరుగెడుతుంది. మా అమ్మ తెలుగు గడగడా చదువుతుంది, ఆ ఇంగ్లీషు అక్షరాల్లో ఏది 'ళ'నో ఏది 'ల'నో తేల్చుకునేలోపు లైను వెళ్ళిపోతుంది. ఈసారి తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి చేతికిచ్చాను, అద్దాలు పెట్టుకుని నిలబడి మొత్తం పాడింది. గొంతు తేడా కాదు, కాగితం తేడా.

రెండో అంతస్తు (మీది కాదు లెండి):
మీరంతా ఎవరు పాడాలో మాట్లాడుతున్నారు, కింద ఉన్నవాళ్ళని ఎవరూ అడగలేదు. మాకు పైనుంచి పాట వినపడదు, బేస్ ఒక్కటే స్లాబులోంచి ధబ్ ధబ్ ధబ్ అని దిగుతుంది, ఎవరు బాగా పాడారో లేదో మాకేం తెలుస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. అవి లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు, నాకూ తెలుసు. కానీ స్పీకరు నేల మీద పెట్టకుండా ఒక పరుపు మీదో స్టూలు మీదో పెట్టి బేస్ తగ్గిస్తే మాకు సగం బాధ తగ్గుతుంది. ముందురోజు వచ్చి ఒక్క మాట చెబితే మిగతా సగం కూడా. పరీక్షల రోజుల్లో మాత్రం ఏం చెప్పినా ఒప్పుకోను.

పాడనివాడు:
నాది ఇంకో బాధ. నాకు పాడాలని లేదు. తినడానికి, నాలుగు కబుర్లు చెప్పుకోడానికి వస్తాను. "ఒక్క పాట బ్రో, ఒక్కటే" అంటూ చేతిలో మైక్ కుక్కుతారు. మా అక్క పెళ్ళిచూపుల్లో "అమ్మాయి పాడుతుందా" అని అడిగినప్పుడు దాని మొహం ఎలా ఉందో ఇప్పటికీ గుర్తుంది, మైక్ నా మీదకి వచ్చిన ప్రతిసారీ అదే గుర్తొస్తుంది. అందరికీ ఇవ్వాలి అనేవాళ్ళు, వద్దన్నవాడిని వదిలేయాలి అని కూడా కలిపి రాయండి.

డల్లాస్ నుంచి:
ఇక్కడ విడి ఇళ్ళు, కింద ఫ్లాటు గోల లేదు, మీడియా రూమ్ తలుపేసుకుంటే సరి. అయినా మొదటిసారి అందరూ తాళం తప్పారు, బాగా పాడేవాళ్ళతో సహా. చూస్తే టీవీనుంచి స్పీకరుకి బ్లూటూత్‌లో పెట్టాం, మైక్ కూడా బ్లూటూతే. అందులో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది, మనం పాడింది మనకే వెనకనుంచి వినిపిస్తుంది. వైరు వేశాక సగంమంది గాయకులైపోయారు. కుయ్యిమని అరుపు వస్తుంటే మైక్ స్పీకరు ముందుకి తీసుకెళ్ళకండి, పాడేవాళ్ళు స్పీకరు వెనక నిలబడాలి. మూడో అంతస్తు గారూ, మీ అత్తగారు స్పీకరు ఎదుట నిలబడి పాడారా?

మూడో అంతస్తు:
ఎదుటే. పైగా మైక్ ఛాతీ దగ్గర పట్టుకున్నారు, వినపడటం లేదని మా అబ్బాయి వాల్యూమ్ పెంచాడు, అది కుయ్యిమంది, అదిగో అప్పుడే ఆ నవ్వు. నేను ఇన్నాళ్ళూ ఆవిడ గొంతు చూసి నవ్వారనుకున్నాను.

ఇదంతా ఈయనకి చదివి వినిపించాను. ఒక చరణం రూలుకి ఒప్పుకున్నారు, స్నేహితుడికి ఎవరు చెబుతారన్నది మాత్రం తేలలేదు. పాడనివాడు గారూ, మిమ్మల్ని పిలిస్తే ప్లేటు ఒక్కటే ఇస్తాం. నిన్న అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ అదే పాట కూనిరాగం తీస్తున్నారు, ఆవిడ ఎత్తులో ఆవిడ, ఎక్కడా తప్పలేదు.

శ్రుతిపెట్టె:
అదే ఎత్తుకి ట్రాకు దించి పెట్టండి. దించామని మాత్రం ఆవిడకి చెప్పకండి.