అమ్మమ్మ చెప్పిన స్కూబీ డూలో దెయ్యాలు నిజమైనవే. మీ ఇంట్లో ఎలా ఉండేది?

బ్రాడీపేట నాలుగో లైను:

సభ్యులందరికీ నమస్కారం. 1998 ప్రాంతంలో నా వేసవి సెలవులన్నీ గుంటూరు బ్రాడీపేటలో, అమ్మమ్మ గారింట్లోనే గడిచాయి. పొద్దు వాలేదాకా గడప దాటనిచ్చేవారు కాదు కనుక, మధ్యాహ్నమంతా కార్టూన్ నెట్‌వర్కే నాకు దిక్కు, అందులోనూ నలుగురు పిల్లలూ ఒక కుక్కా కలిసి దెయ్యాల వెంటపడే స్కూబీ డూ అంటే ప్రాణం. అమ్మమ్మ కింద పాత చీర పరుచుకుని, ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతూ, ఘాటుకు మధ్యమధ్యలో తుమ్ముతూ, నాతో పాటే చూసేది. మాకు వచ్చేది ఇంగ్లీషులో. ఆ భాష ఆవిడకు రాదు, రెండో తరగతి పూర్తిచేసిన నాకు ఆ వేగం అందేది కాదు. అందువల్ల కథ చెప్పే పని ఆవిడే తన మీద వేసుకుంది.

దెయ్యం రావడం, పిల్లలు పరుగెత్తడం, కుక్క వెళ్లి పొడుగాటి అబ్బాయి చంకనెక్కడం ఎవరికైనా అర్థమవుతాయి. చిక్కంతా చివర్లో వచ్చేది. కట్టిపడేసిన దెయ్యం తల మీది ముసుగు లాగగానే ఎవరో పెద్దమనిషి బయటపడేవాడు. "అదిగో, ఆయన్ని పట్టిన దెయ్యం వదిలిపోయింది, ఇక భయం లేదు" అని అమ్మమ్మ ఊపిరి పీల్చుకునేది. వెంటనే పోలీసులు వచ్చి ఆయన్ని తీసుకెళుతుంటే, "పాపం, నీరసపడ్డాడు, ఆసుపత్రికి తీసుకెళుతున్నారు" అనేది. ఆ పెద్దమనిషి పళ్లు నూరుతూ తిట్టిపోసేది ఆ పిల్లలనేనని తెలియక, కృతజ్ఞతలు చెబుతున్నాడని ఇద్దరమూ సంతోషపడేవాళ్లం.

మొన్న మా ఆరేళ్ల పాప కోసం మళ్లీ పెట్టి చూస్తే, అందులో ఒక్క దెయ్యమూ లేదని ఇరవై ఏడేళ్ల తరువాత తెలిసి, నవ్వు రావడంతో పాటు ఏదో పోగొట్టుకున్నట్టు కూడా అనిపించింది. నాలాగే ఇంకెవరైనా పొరబడ్డారా? నిజం దెయ్యాలు వచ్చిన భాగాలు కూడా ఉన్నాయని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు, అది ఎంతవరకు నిజం? పాపకు ఏవి చూపించడం మంచిదో కూడా తెలిసినవారు చెప్పగలరు.

కృష్ణలంక కరకట్ట:

మీ మిత్రుడు చెప్పింది అబద్ధం కాదు, అయితే మీరు చూసిన పాత భాగాలకు అది వర్తించదు. 1960ల చివర్లో అమెరికాలో శనివారం ఉదయం వచ్చే కార్టూన్లలో కొట్లాటలు మితిమీరాయని తల్లిదండ్రుల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో, హింస లేని కార్యక్రమం కోసం వెతుకుతున్న సీబీఎస్ చానెల్‌కు హన్నా బార్బెరా సంస్థ తయారుచేసి ఇచ్చిన ధారావాహిక ఇది. కథ అల్లినవారు జో రూబీ, కెన్ స్పియర్స్. మొదట అనుకున్న రూపం పిల్లలను మరీ భయపెడుతుందని చానెల్ పెద్దలు తిప్పికొట్టాక, వెనకాల ఉన్న కుక్కను ముందుకు తెచ్చి హాస్యం పాలు పెంచారు. 1969 సెప్టెంబరు 13న మొదలై, రెండు విడతల్లో 25 భాగాలు వచ్చాయి. వాటిలో నిజం దెయ్యం ఒక్కటీ లేదు, ముసుగు కింద ఉండేది దాదాపు ఎప్పుడూ మనిషే.

ఆ కుక్క ఒడ్డూపొడుగూ గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. బొమ్మ గీసిన ఇవావో తకమోతో, గ్రేట్ డేన్ జాతి కుక్కలను పెంచే ఒక సహోద్యోగిని అడిగి, మేలుజాతి లక్షణాలన్నీ తెలుసుకుని, సరిగ్గా వాటికి తలకిందులుగా గీశాడు. వీపు నిటారుగా ఉండాలంటే వంచాడు, కాళ్లు తిన్నగా ఉండాలంటే దొడ్డికాళ్లు పెట్టాడు, గడ్డం కింద మడత వేలాడదీశాడు. పిరికితనం మాటల్లో కంటే ఆ నడకలోనే ఎక్కువ కనబడుతుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

నిజం దెయ్యాలు 1985లో వచ్చిన పదమూడు దెయ్యాల ధారావాహికలో ఉన్నాయి. పెట్టెలోంచి తప్పించుకున్న వాటిని పట్టి మళ్లీ పెట్టెలో పెట్టడం దాని కథ. పదమూడో దెయ్యం సంగతి తేల్చకుండానే అది ఆగిపోతే, 2019లో ఒక సినిమా తీసి ఆ బాకీ తీర్చారు. 1998 నాటి జాంబీల దీవి సినిమాలో కూడా ఆ జాంబీలు, అంటే లేచి తిరిగే శవాలు, ముసుగులు కావు, నిజమైనవే. మీ పాపకు మొదటి 25 భాగాలే పెట్టండి. జాంబీల దీవిని ఇంకో నాలుగేళ్లు దాచి ఉంచడం మంచిది. మా అబ్బాయికి తొందరపడి చూపించి వారం రోజులు లైటు వేసుకుని పడుకున్న అనుభవంతో చెబుతున్నాను.

తెనాలి కాలువగట్టు:

మీ అమ్మమ్మ గారి వ్యాఖ్యానం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నా పొరపాటు ఇంకొక రకం. ఆ కార్టూన్‌లో ఎవరో జారిపడినా, కుక్క బెదిరినా, వెనకనుంచి జనం గుంపుగా నవ్వేవారు. స్టూడియోలో కలిపిన నవ్వు అది. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. తెర మీద చూస్తే ఖాళీ బంగళా, నలుగురు పిల్లలు, ఒక కుక్క తప్ప మనుషులే ఉండరు. మరి నవ్వేదెవరు? అసలు దెయ్యాలు ఆ నవ్వేవేనని, తెర మీద కనిపించేది వాటి నౌకరని నేను గట్టిగా నమ్మాను. ముసుగు తీశాక కూడా ఆ నవ్వు వినబడేది కాబట్టి, నా లెక్కలో ఏ కథా సుఖాంతం కాలేదు. మా అన్నయ్య వచ్చి టీవీ గొంతు పూర్తిగా తగ్గించేస్తే తప్ప చూసేదాన్ని కాను, కాబట్టి భాష రాకపోవడం నాకు అడ్డంకే కాలేదు.

పటమట సైన్సు మాస్టారు:

ఈ చర్చలో ఒక ముఖ్యమైన సంగతి తప్పిపోయింది. ఆ ముసుగుల వెనుక ఉన్నవారికి కావలసింది ఏమిటి? మొట్టమొదటి భాగంలో నల్ల కవచం తొడుక్కుని తిరిగేది మ్యూజియం బాగోగులు చూసే క్యురేటరే. అసలు చిత్రాలు కాజేసి నకళ్లు తగిలించే పని ఆయనది. పాడుబడ్డ గనిలో దెయ్యం వేషం కట్టినవాడికి, ఆ నేల కింద చమురు ఉందని ముందే తెలుసు, యజమానిని బెదరగొట్టి చవకగా కొట్టేయాలని అతని ఎత్తు. విజయవాడ, గుంటూరుల మధ్య సెంటు ధర తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందన్న పుకారు పుట్టించి, సగం ధరకు బేరం పెట్టిన ఘనులను నేను మా వీధిలోనే చూశాను.

మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో నాస్తిక కేంద్రం ఉంది. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు దాన్ని 1940లో ముదునూరులో స్థాపించి, 1947లో విజయవాడకు తరలించారు. నిప్పుల మీద నడవడం మహిమ కాదని అక్కడివారు నడిచి చూపించేవారు. బూడిద పట్టిన బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, అడుగు దాని మీద నిలిచేది లిప్తపాటు, కాబట్టి ఆగకుండా నడిస్తే కాలదు. ఆ ప్రదర్శన గురించి తరగతిలో పాఠం చెప్పినప్పుడు పిల్లలు మర్యాదగా తలలూపారు. కళ్లద్దాల అమ్మాయి వెల్మా ఆనవాళ్లు ఒక్కొక్కటే పేర్చి ముసుగు దాకా వచ్చే కార్టూన్ గుర్తుచేసేసరికి మాత్రం, వెనక బెంచీ వాడు లేచి నిలబడి, "అయితే మాస్టారూ, అమ్మవారు పూనే మా ఊరి గణాచారికి ముసుగు ఎక్కడుంటుంది?" అని అడిగాడు. ఆ రోజు పాఠం మరో గంట సాగింది.

అమ్మమ్మ గారి కథ తప్పని నేను అనను, అయితే మీ పాపకు మాత్రం చివరి రెండు నిమిషాలు ఆపి ఆపి తెలుగులో చెప్పండి. అది అందకపోతే మిగిలేది భయమే.

బ్రాడీపేట నాలుగో లైను:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు చెప్పినట్టే ఆదివారం నల్ల కవచం భాగం ఆపి ఆపి చూశాం. అమ్మమ్మకు ఇప్పుడు ఎనభై ఆరేళ్లు, చూపు తగ్గింది, పాప పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ముసుగు తీయగానే నేను గట్టిగా, ఇది దెయ్యం వదలడం కాదు, ఈయన దొంగ, చిత్రాలు మార్చేస్తున్నాడు, పోలీసులు తీసుకెళ్లేది జైలుకి అని వివరించాను. ఇన్నేళ్ల కథ ఒక్కసారిగా మారిపోతే నొచ్చుకుంటుందేమోనని సందేహించాను కానీ, ఆవిడ తాపీగా తలూపి, "దొంగవెధవ, ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది" అంది.

కాసేపు ఆగి పాపతో అంది: "అవునే, వేషం కట్టిన మనిషిని చూసి అంతలా పరుగెత్తారు గదా, పక్కన కుక్క మాట్లాడుతుంటే ఒక్కరూ భయపడరేమే?"