సమస్య: నగర మధ్యమందు నాటి రడవి

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం: "నగర మధ్యమందు నాటి రడవి". అడవి తనంత తాను పెరిగేదే తప్ప ఎవరో నాటేది కాదు కదా అన్నదే చిక్కు. నియమం ఒక్కటే. తోక్యోలోని మెయిజీ జింగూ అనే షింటో (జపాన్ దేశీయ మతం) మందిర దర్శనం పూరణలో కనబడాలి. ఛందస్సుతో పాటు విషయాన్నీ చూస్తాం.

పద్యప్రియ:
దేశమెల్ల పంపెఁ దీరుతీరుల మొక్క
లక్ష నాటినారు లక్షణముగ
నూఱువత్సరముల నోము వోలెఁ దలంచి
నగర మధ్యమందు నాటి రడవి

గణయతి:
నూ-నో యతి చక్కగా కుదిరింది. రెండో పాదంలో "నాటినారు", నాలుగో పాదంలో "నాటిరి" పునరుక్తి. "లక్ష చేరె నచట లక్షణముగ" అంటే గణాలు చెడవు, దోషమూ పోతుంది.
విషయం సరిగ్గా ఉంది. 1920లో ప్రతిష్ఠ జరిగిన ఈ మందిరానికి దేశం నలుమూలల నుంచి దాదాపు లక్ష చెట్లు కానుకగా వచ్చాయి. అడవికి ప్రణాళిక వేసేనాటి ప్రధాని ఒకుమా షిగెనోబు సుగి (జపాన్ దేవదారు) చెట్లే కావాలని పట్టుబట్టారు. ఆ నేలా, నగరపు పొగా వాటికి పడవని అటవీ శాస్త్రవేత్త హోండా సెయిరోకు ఒప్పుకోలేదు. పైవరుసలో పైన్లు, వాటి కింద హినోకీ (జపాన్ సైప్రస్), సుగి, ఆ కింద ఓక్, కర్పూర వృక్షాల వంటి వెడల్పాకు జాతులు వేశారు. కాలక్రమాన పైవి తగ్గి కిందివి రాజ్యమేలాలి, ఆపైన అడవి తన విత్తనాలతో తానే నిలవాలి అన్నది లెక్క. "నూఱువత్సరముల నోము" అందుకే నాకు బాగా నచ్చింది. బాట మీద రాలిన ఆకుల్ని ఇప్పటికీ ఊడ్చి అడవిలోనే పోస్తారు, బయట పారేయరు.

కొమ్మచిగురు:
ఒక సందేహమండీ. నాటిన నాటికి ఈ అడవి ఉన్న యొయోగి ప్రాంతం తోక్యో నగరంలో లేదు, 1932లో కదా కలిసింది! "నగర మధ్యమందు" చెల్లుతుందా?

నిర్వాహకులు:
మంచి ప్రశ్న. నేటి నగర మధ్యం అని అన్వయించుకోవాలి. ఇవాళ అడవి దాటి అడుగు బయటపెడితే హరాజుకు బజారు సందడే. ఆ అన్వయాన్ని పద్యమే చూపితే ఇంకా మేలు.

కొమ్మచిగురు:
నా పూరణ.
నడిమి బాట దేవు నడకకు విడిచిరి
పక్కనుండి నడువ భక్తులెల్ల
గులకరాళ్ళ మీద గుసగుస విననౌను
నగర మధ్యమందు నాటి రడవి

గణయతి:
భావంలో ఇప్పటిదాకా ఇదే మిన్న. కానీ "విననౌను" దగ్గర వాక్యం ముగిసిపోయి సమస్యాపాదం విడిగా పడింది. "గుసగుస వినబడ" అనండి. సలం బదులు నలం, రెండూ ఇంద్రగణాలే. అడుగుల చప్పుడు వినబడేలా అడవి నాటారన్న అన్వయం అప్పుడు పూర్తిగా కుదురుతుంది.
తోరీ (మందిర ప్రవేశ తోరణం) దగ్గర ఆగి తలవంచి లోపలికి నడవడం ఆచారం. ఇక్కడి పెద్ద తోరీ ఎత్తు 12 మీటర్లు, తైవాన్ నుంచి తెచ్చిన సైప్రస్ మానుతో 1975లో తిరిగి నిలిపారు. ద్వారం సూర్యోదయానికి తెరుస్తారు, సూర్యాస్తమయానికి మూస్తారు. ఈ గుసగుస వినాలంటే తెరిచిన వేళకే వెళ్ళాలి. జనవరి మొదటి మూడు రోజులు మాత్రం వద్దు, సుమారు 30 లక్షల మంది వస్తారు.

నెలవంక:
ఎడమచేయి ముందు కడిగి, యా గరిటతో
కుడిని తడిపి, నోట గుక్క పట్టి,
పిడికి నీరు విడిచి పెద్దగుడికి బోవ
నగర మధ్యమందు నాటి రడవి

పద్యప్రియ:
మొదటి పాదంలో ఎ-క యతి తప్పింది కదండీ?

గణయతి:
తప్పలేదు, అది ప్రాసయతి. "ఎడమ", "కడిగి" రెంటా మొదటిది లఘువు, రెండో అక్షరం డకారం. ఆటవెలదిలో చెల్లుతుంది.
ఇది దర్శనానికి ముందు నీటితొట్టి దగ్గర చేసే శుద్ధి. అసలు లోపం "నోట గుక్క పట్టి"లో ఉంది. గరిటనే నోటికి ఆనించారన్న అర్థం వస్తుంది, అది పెద్ద తప్పు. ఎడమ అరచేతిలో నీళ్ళు పోసుకుని, ఆ నీటితో పుక్కిలించి, తొట్టిలో పడకుండా పక్కన మెల్లగా ఉమ్మాలి. మింగకూడదు. "కుడియు, చేతినీట గుక్క పట్టి" అంటే సరిపోతుంది. తర్వాత ఎడమచేయి మళ్ళీ కడగాలి, అది మీ పద్యంలో రాలేదు. చివర గరిటను నిలువుగా ఎత్తితే మిగిలిన నీరు పిడి మీదుగా జారి దాన్ని శుభ్రం చేస్తుంది. ఇదంతా ఒక్క గరిటెడు నీళ్ళతోనే. ఎడమచేతికే సగం పోసేస్తే పిడికి చుక్క మిగలదు, కొత్తవాళ్ళు తడబడేది అక్కడే. గరిటలు తీసేసి ధార మాత్రమే ఉంచిన మందిరాలూ ఇప్పుడు చాలా ఉన్నాయి, అక్కడ ధార కిందే చేతులు పెడితే చాలు.
"బోవ" అతుకు బలహీనం. చేతులు కడుక్కుని గుడికి పోవడానికి అడవి నాటాల్సిన పనేముంది?

పద్యప్రియ:
రెండో పూరణ.
రెండు సార్లు వంగి రెండు చప్పట్లిచ్చి
మరల నొక్కసారి మస్తకమును
వంచి వేడువారు వత్తు రనుచు నాడు
నగర మధ్యమందు నాటి రడవి

నిర్వాహకులు:
అన్వయం నిక్కంగా ఉంది. క్రమం కూడా సరిగ్గా వచ్చింది. నాణెం పెట్టెలో మెల్లగా వేశాక నడుము దాకా వంగి రెండు నమస్కారాలు, రెండు చప్పట్లు, చేతులు జోడించి మనసులో ప్రార్థన, చివర ఒక నమస్కారం. చప్పట్లకు ముందు కుడిచేతిని కాస్త కిందికి జరిపి, కొట్టాక రెండు చేతుల వేళ్ళూ సమం చేస్తారు.

నెలవంక:
మన శివాలయాల్లోనూ చండీశ్వరుడి ముందు మెల్లగా చప్పట్లు కొడతాం కదా! ఇజుమో తైషా అనే మరో షింటో మందిరంలో నాలుగు చప్పట్లట. "రెండు సార్లు వంగి నాల్గు చప్పట్లిచ్చి" అనవచ్చా?

గణయతి:
గణాలు సరే, రె-నా యతి చెడుతుంది. పైగా నియమం మెయిజీ జింగూ, అక్కడ రెండే. పాదం ఉన్నట్టే ఉండనివ్వండి.