సర్కిల్‌లో జవాను విగ్రహమా, పార్కులో పేర్ల గోడా?

అవిలాల అబ్బాయి:
మా కాలనీ సంఘంలో మూడు వారాలుగా ఇదే గొడవ. ఈ చుట్టుపక్కల నుంచి సైన్యంలోకి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లకు ఒక స్మారకం కట్టాలి, ఇందులో తేడా లేదు. చందా కూడా కొంత పోగయింది. ఏం కట్టాలన్న దగ్గరే ఆగిపోయాం. సగం మంది సర్కిల్‌లో తుపాకీ పట్టిన జవాను విగ్రహం అంటారు. మిగతా సగం పార్కులో నల్లరాతి గోడ మీద పేర్లు చెక్కిద్దాం అంటారు. నేను విగ్రహం వైపే. బండి మీద పోయేవాడు గోడ దగ్గర ఆగి చదువుతాడా? మీరేమంటారు?

పాతబస్టాండు:
విగ్రహమే అన్నా. పిల్లోడికి చూపించడానికి ఒక రూపం ఉండాలి. పేర్ల జాబితా రేషన్ షాపు ముందు కూడా ఉంటుంది.

కొర్లగుంట వకీలు:
సర్కిల్ మాట ముందు పక్కన పెట్టండి. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు ఇకమీదట అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు చెప్పింది. కేరళలో ఒక విగ్రహం తగాదా మీద వచ్చిన ఉత్తర్వు అది. అయినా ఊరూరా లేస్తున్నాయి కదా అంటారు. లేస్తున్నాయి, నిజమే. రేపు ఎవరైనా కోర్టుకు పోతే మాత్రం ఆ జవానుకు గోనెసంచి ముసుగు కప్పి ఏళ్ల తరబడి నిలబెడతారు. ఆయనకు చేసే మర్యాద అదేనా? పార్కులో కట్టాలన్నా కార్పొరేషన్ అనుమతి కాగితం చేతికి వచ్చాకే గునపం ఎత్తండి.

మేస్త్రి కొడుకు:
మా నాన్నది రాతిపని, నేను ఇప్పుడు గ్రానైట్ లైన్‌లో ఉన్నాను. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, తిట్టుకోవద్దు.

విగ్రహం అనగానే మనసులో కంచు ఉంటుంది, చందా లెక్క చూశాక ఫైబర్ దగ్గరికి దిగుతుంది. దానికి బంగారు రంగు కొడతారు. తిరుపతి ఎండకు రెండు వేసవులు తిరిగేసరికి ముక్కు దగ్గర పెచ్చు లేస్తుంది. విగ్రహమే కావాలంటే రాతిలో చేయించండి. టీటీడీ వాళ్ల సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ మన ఊళ్లోనే ఉంది, అక్కడ నేర్చుకుని బయటికి వచ్చినవాళ్లు దొరుకుతారు.

పేర్లు తేలిక అనుకోకండి. రాయి మీద రబ్బరు షీటు అంటించి, అక్షరం మేర కత్తిరించి తీసేసి, గాలి ఒత్తిడితో ఇసుక కొడతాం. ఇంగ్లిష్ అక్షరాలకు పెద్దగా ఇబ్బంది లేదు. తెలుగులో సున్నా ఉంది చూశారూ, దాని మధ్యలో మిగిలే రబ్బరు బిళ్ల మినపగింజంత. గట్టిగా కొడితే అది ఎగిరిపోతుంది, సున్నా కాస్తా చుక్కయి కూర్చుంటుంది. మన జిల్లాలో వెంకటేశులు, వెంకటరమణలు ఎంతమందో మీకే తెలుసు. అక్షరం అంగుళానికి తగ్గితే ఒత్తులు కూడా పూడిపోతాయి. పేర్లు తక్కువే అయితే ఉలితో చెక్కించండి.

ఇంకొకటి, నేల మీద పాలిష్ రాయి వద్దు. అలాంటి చోట మనవాళ్లు చెప్పులు విప్పుతారు. ఏప్రిల్‌లో నల్లరాయి మీద కాలు పెట్టి చూడండి. వానొస్తే జారడం వేరే.

గోడను ఎవరూ చూడరు అన్నారు కదా. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం పేర్ల గోడే. 1,421 నమూనాలు వస్తే 21 ఏళ్ల విద్యార్థిని మాయా లిన్ గీసినదాన్ని ఎంచుకున్నారు. 1982లో కట్టారు. ఆ నల్లరాయి మన పక్కన బెంగళూరు నుంచే వెళ్లింది.

అవిలాల అబ్బాయి:
చదివాను. ఆ గోడ మీద అక్కడా పెద్ద గొడవే అయింది, 1984లో పక్కన ముగ్గురు సైనికుల విగ్రహం పెట్టాల్సి వచ్చింది. అంటే రూపం కావాలన్నది మన ఒక్కరి పిచ్చి కాదు.

మేస్త్రి కొడుకు:
ఒప్పుకుంటా. అంత దూరం ఎందుకు, పుంగనూరు, పలమనేరు వైపు చేలగట్ల మీద వీరగల్లులు చూడండి, పోరాడి పోయినవాళ్లకు పాతకాలంలో నిలబెట్టిన రాళ్లు. కింద వీరుడు పోరాడుతుంటాడు, మధ్యలో అప్సరసలు తీసుకుపోతుంటారు, పైన శివలింగం దగ్గర కూర్చుని ఉంటాడు. కొన్నింటి మీద శాసనం కూడా ఉంటుంది. ఆవుల మందను కాపాడబోయి చచ్చినవాడికీ రాయి నిలబెట్టారు. బొమ్మా అక్షరమూ ఒకే రాతి మీద, మనిషి ఎత్తుకు మించకుండా. పార్కులో ఆ తరహాది ఒకటి పెట్టి, పక్కన పేర్లు చెక్కిస్తే మీ రెండు వర్గాలకూ సరిపోదా?

చంద్రగిరి చెల్లెలు:
మీరంతా రాయి గురించి మాట్లాడుతున్నారు. మా అన్న పేరు ఇదివరకే ఒకచోట ఫలకం మీద వేశారు. ఇంటిపేరు తప్పు. మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాళ్లం. అదే ఫలకం మీద ప్రారంభించినవారు, విచ్చేసినవారు, సహకరించినవారి పేర్లు అరచేయంత అక్షరాల్లో ఉన్నాయి, ఒక్క తప్పు లేదు. మా అన్నది అడుగున, వేలెడంత. అమ్మ ఒకసారి చూసి వచ్చింది, మళ్లీ పోలేదు. విగ్రహమో గోడో మీ ఇష్టం.

మాజీ హవల్దారు, ఎం.ఆర్. పల్లి:
అమ్మా, ఈ పని ఇలాగే జరుగుతుంది, చూశాను. కమిటీకి నా మాట: జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో రికార్డు చూడండి. తర్వాత చెక్కబోయే పేరును కాగితం మీద అదే సైజులో రాసి ఇంటికి తీసుకెళ్లి, ఇంట్లోవాళ్లతో సంతకం పెట్టించండి.

ఎవరి పేర్లు అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. యుద్ధంలో పోయినవాళ్లేనా? 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు పోయిన కుర్రాడిది అప్పటి మన జిల్లాలోని కురబలకోట మండలమే. అది యుద్ధం కాదు. వద్దంటారా? శిక్షణలో పోయినవాడిని? నా లెక్కలో డ్యూటీలో పోయిన ప్రతివాడూ ఉండాలి. వరుస కూడా పోయిన తేదీని బట్టే. ర్యాంకు వద్దు, ఆ వాషింగ్టన్ గోడ మీద కూడా లేదు. కొంచెం ఖాళీ రాయి వదలండి. ఎందుకో చెప్పనక్కర్లేదు.

కొర్లగుంట వకీలు:
ప్రారంభించినవారి పేర్లు అసలు వెయ్యకూడదని తీర్మానంలోనే రాసుకోండి. తర్వాత ఎవరూ ఆపలేరు.

అవిలాల అబ్బాయి:
నిన్నటి మీటింగులో చెల్లెలు రాసింది చదివి వినిపించాను. సర్కిల్ మాట వదిలేశాం, వీరగల్లు తరహా చాలామందికి నచ్చింది. ఫలకం మీద దాతల పేర్లు ఉండవని కూడా చెప్పేశాను. పెద్ద మొత్తం ఇస్తామన్న ఇద్దరు పొద్దున్నించి ఫోన్ ఎత్తడం లేదు.

పాతబస్టాండు:
నా ఐదు వేలు ఉంచుకో అన్నా, పేరేం వద్దు. జవాను మూతికి మీసం మాత్రం పెట్టించు.