కథ పంపితే నిమిషంలో ‘సూపర్ రా’ అంటున్నారు, అసలు చదువుతున్నారా?

ప్రశ్న (అమలాపురం దగ్గర లంక నుంచి):
మూడేళ్లుగా కథలు రాస్తున్నానండి. మొన్న మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో పన్నెండు పేజీల కథ పెడితే నిమిషం తిరక్కుండానే ‘సూపర్ రా’ అని వచ్చేసింది, వెనకాలే నాలుగు చప్పట్ల బొమ్మలు. అదే గ్రూపులో కోడిపందేల వీడియో పడితే అర్ధరాత్రి దాకా ఒకటే గోల. కథ ఎలా ఉందిరా అని ఒకణ్ణి గట్టిగా అడిగితే ‘ఏ కథ?’ అన్నాడు. పెళ్లికైనా చావుకైనా ముందుండేది వీళ్లే, చెడ్డవాళ్లు కారు. నిజంగా చదివే స్నేహితులు మీకెవరికైనా దొరికారా?

జవాబు (ధవళేశ్వరం):
గ్రూపులో పెట్టకండి. ఎవరో ఒకరు చదువుతార్లే అని అందరూ అనుకుంటారు. ఒక్కడికే ఇచ్చి, ‘బాగుందా’ అనకుండా ‘ఎక్కడ విసుగొచ్చింది’ అని అడగండి. నా కథలో సంక్రాంతికొచ్చిన అల్లుడికి పులస పులుసు వండించాను. పడవ నడిపే మావాడికి (చదవడం అంతగా రాదు) వినిపిస్తుంటే మధ్యలోనే ఆపేసి, ‘పుష్యమాసంలో పులస ఎక్కడిదిరా, అది వరదొచ్చి గోదారి ఎర్రబడ్డాక కదా ఎదురెక్కేది’ అన్నాడు. గోదారి వరదకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వగానే ఊరంతా మేడలెక్కినట్టు రాశానని ఇంకో చీవాటు. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి ఇచ్చేది మొదటిది, అప్పటికి మా కాజ్‌వే మునుగుతుందేమో గానీ ఇళ్లలోకి రాదు, 17.75కి మూడోది ఇచ్చాక ఎక్కించు అన్నాడు. సిగ్గేసింది. రెండు పేజీలు కొట్టేసి మళ్లీ రాశా.

జవాబు (రాజోలు):
చదివితేనే స్నేహితుడా ఏంటండీ? కొబ్బరి వ్యాపారం చేసే మావాడు నా పుస్తకంలో ఒక్క పేజీ తిప్పలేదు, కానీ ప్రెస్ నుంచి కట్టలన్నీ తన వ్యానులోనే తెచ్చి, పాతిక కాపీలు డబ్బిచ్చి మరీ కొన్నాడు. వాణ్ణి చదవమని నేనెందుకు అడగాలి? నా కథలు చదివే మనిషి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో దొరికారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఇద్దరి దగ్గరా ఒకటే ఆశిస్తే ఇద్దరూ పోతారు.

జవాబు (ముమ్మిడివరం):
తమ్ముడూ, మరి నువ్వు ఎవరి కథైనా ఆఖరిదాకా చదివి ఉత్తరం ముక్క రాశావా? మేం నలుగురు ఆడవాళ్లం నెలకోసారి కూర్చుని ఒకరిది ఒకరం చదువుకుంటాం. ఒక్కోసారి అలుగుతాం కూడా.

అడిగినవాడు:
లేదక్కా, రాయలేదు. ఆ ‘ఏ కథ?’ అన్నవాడు చిన్నప్పటి నుంచీ చెట్లెక్కి కొబ్బరి దింపు తీస్తాడు, నా కొత్త కథ కొబ్బరితోటలోనే. రేపు వాళ్లింటికెళ్లి చదివి వినిపిస్తా. టీ వాడిదే, ఆయ్.