మొదటి ఏడాది మార్కులతో ఎన్‌ఐటీకి మారవచ్చా, మానేసి మళ్లీ రాయాలా?

కాజీపేట నుంచి ఒక తండ్రి:

మా అబ్బాయి హసన్‌పర్తి వైపున్న ఒక ప్రైవేటు కళాశాలలో ఈసీఈ మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్ చదువుతున్నాడు. కాజీపేటలో బస్సెక్కింది మొదలు ఫోనులోనే ఉండేవాడు, ఎన్‌ఐటీ గేటు రాగానే తలెత్తి చూస్తాడని, అదే బస్సులో వెళ్లే మా అన్న కొడుకు చెప్పాడు. మొదటి సెమిస్టర్‌లో 9కి పైగా జీపీఏ వచ్చింది. ఇంత మంచి మార్కులుంటే రెండో ఏడాదిలో పెద్ద విద్యాసంస్థకు ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవచ్చని డాలస్‌లో ఉన్న మా బావమరిది అన్నప్పటి నుంచి వాడికి అదే ధ్యాస. అది కుదరకపోతే కళాశాల మానేసి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరతానంటున్నాడు. కిందటేడు జేఈఈ మెయిన్‌లో 84 పర్సంటైల్ వచ్చింది. పెద్దలు సలహా ఇవ్వగలరు.

వరంగల్ నుంచి ఒక అధ్యాపకుడు:

మీ బావమరిది గారు చెప్పింది అమెరికాకు సరిపోతుంది. అక్కడ కమ్యూనిటీ కళాశాలలో రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయానికి మారడం మామూలు విషయం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమైతే తమ రాష్ట్ర కమ్యూనిటీ కళాశాలల వారికి ప్రాధాన్యం కూడా ఇస్తుంది. మన ఎన్‌ఐటీల్లో బీటెక్ సీటుకు దారి జేఈఈ మెయిన్ ర్యాంకు, దాని ఆధారంగా జరిగే కౌన్సెలింగ్ మాత్రమే కనుక, బయటి కళాశాలలో తెచ్చుకున్న జీపీఏను అక్కడ అడిగేవారే ఉండరు, సీటు వచ్చినా మళ్లీ మొదటి ఏడాదిలోనే కూర్చోవాలి.

ఇక అవకాశం సంగతి. 2025లో ఈ పరీక్ష 14 లక్షల మందికి పైగా రాశారు. 84 పర్సంటైల్ అంటే మీ అబ్బాయికి ముందు 2 లక్షల మందికి పైగా ఉన్నట్టు. 31 ఎన్‌ఐటీల సీట్లన్నీ కలిపినా ఆ ఏడాది పాతిక వేలకు మించలేదు. వరంగల్‌లో సగం సీట్లు తెలంగాణ వారికే ఉండటం, రిజర్వేషన్ ఉంటే అది కూడా కలిసి రావడం నిజమే అయినా, ఇంత దూరాన్ని అవి పూడ్చలేవు. కిందటేడు ఇంటర్ పాసైన అబ్బాయికి మెయిన్ రాసేందుకు ఈ ఏడాది, వచ్చే ఏడాది అవకాశం ఉంది. కళాశాల వదలకుండా ఏప్రిల్‌లో రాయించి చూడండి.

హనుమకొండ నుంచి ఒక పూర్వ విద్యార్థి:

సార్ లెక్కతో నాకు పేచీ లేదు, చివరి సలహాతోనే ఉంది. నేను అలాగే చేశాను. పగలు ల్యాబ్ రికార్డులు, రాత్రి ఆర్గానిక్ కెమిస్ట్రీ. మిడ్ పరీక్షలకు చదివినవి అక్కడ పనికిరావు, అక్కడివి ఇక్కడ పనికిరావు. 88 పర్సంటైల్ కాస్తా 90 అయింది, ఒక బ్యాక్‌లాగ్ మిగిలింది. అప్పుడు మానేశాను. కళాశాల వారు మిగిలిన మూడేళ్ల ఫీజు కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. వాటిని పట్టి ఉంచకూడదని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నిబంధన ఉన్నా, ఆ కాగితం ప్రింటు తీసుకుని నాన్న, నేను రెండు నెలలు తిరిగాకే టీసీ చేతికొచ్చింది. ఆ ఏడాదంతా ఒక్క పనే పెట్టుకుంటే 97 దాటింది. ఈశాన్యంలోని ఒక ఎన్‌ఐటీలో సివిల్ వచ్చింది. నేను మొదటి ఏడాదిలో చేరేనాటికి పాత మిత్రులు మూడో ఏడాదికి వచ్చారు. నష్టపోయానని నేను అనుకోవడం లేదు, మా అమ్మ మాత్రం ఇప్పటికీ అంటుంది.

కరీంనగర్ నుంచి ఒక తల్లి:

కొత్త విద్యావిధానంలో క్రెడిట్లు, అంటే పాసైన సబ్జెక్టులకు వచ్చే పాయింట్లు, ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చని విన్నాను, అదెందుకు పనికిరాదు? మా పాప జేఎన్‌టీయూ పరిధిలోనే ఒక కళాశాల నుంచి ఇంకో దానికి మారింది కూడా.

వరంగల్ నుంచి ఒక అధ్యాపకుడు:

2021లో మొదలైన క్రెడిట్ల బ్యాంకు మీరు సంపాదించిన క్రెడిట్లను దాచిపెడుతుందమ్మా, సీటు ఇప్పించదు. మీ పాప మారిన పద్ధతి వేరు: అక్కడ ఖాళీ ఉండాలి, రెండు కళాశాలలూ అభ్యంతరం లేదని రాసివ్వాలి, పైనుంచి అనుమతి రావాలి. కాకతీయ నుంచి జేఎన్‌టీయూకు మారేవారికి సిలబస్ తేడా అదనపు తలనొప్పి.

పూర్వ విద్యార్థికి ఒక మాట. నీకు 88 నుంచి పెరగడానికి వీలుంది, పట్టుదలా ఉంది, కానీ ప్రశ్న అడిగిన అబ్బాయి 84 దగ్గర ఎందుకు ఆగాడో మనకెవరికీ తెలియదు. మానేయడం గురించి భయపెట్టే ఉదాహరణ ఒకటి చెబుతాను. 2024 నవంబరు 5న ఐఐటీ ప్రవేశాలకు రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు మూడు అవకాశాలన్నారు, 18న మళ్లీ రెండే అన్నారు; ఆ మధ్యలో కళాశాలలు వదిలేసిన పిల్లలు సుప్రీంకోర్టుకు వెళ్లి ఊరట తెచ్చుకోవలసి వచ్చింది. నన్నడిగితే, 9 జీపీఏ తెచ్చుకుంటున్నవాడు ఎన్‌ఐటీ గేటులోకి వెళ్లగల దారి ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష. మూడో ఏడాదిలోనే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆ ఎంటెక్ వేరు, ఈ బీటెక్ వేరు అంటారా, అంటే కాదనను.

కాజీపేట నుంచి ఒక తండ్రి:

ఎందుకు ఆగిందో రాత్రి వాణ్ణే అడిగాను. కెమిస్ట్రీ అసలు ముట్టుకోలేదట, లెక్కల్లో టైము చాలలేదట. ఈ ఆదివారం పాత పేపరు ఒకటి తీసి, ఫోను నా దగ్గర పెట్టుకుని, మూడు గంటలు కూర్చోబెడతాను. 300కు ఎన్ని వచ్చాయో ఇక్కడే రాస్తాను.