క్యారమ్స్ టోర్నమెంటుకి హాలు చూస్తున్నాం, ఏది తీసుకోమంటారు? (భీమవరం)

వైట్ స్లామ్:
అందరికీ నమస్కారమండి. మా వీధి కుర్రాళ్ళం కలిసి క్యారమ్స్ టోర్నమెంటు పెడదామనుకుంటున్నాం. సింగిల్స్ మాత్రమే, 64 ఎంట్రీలు, ఒక్క రోజులో అయిపోవాలి. తణుకు, పాలకొల్లు, నరసాపురం, ఏలూరు నుంచి కూడా ఆడేవాళ్ళు వస్తామన్నారు. సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు నుంచి మనోళ్ళంతా ఊళ్ళోనే ఉంటారు కదా, ఆ మూడు రోజుల్లో ఒకటి ఖాయం చేద్దామని ఆలోచన.

మూడు చోట్లు చూశాం. ఒకటి ఏసీ ఫంక్షన్ హాలు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ పై అంతస్తు. రెండోది బ్యాడ్మింటన్ ఇండోర్ కోర్టు, తెలిసినవాళ్ళది, చవగ్గా ఇస్తామన్నారు. మూడోది మేం చదువుకున్న స్కూల్లో మీటింగ్ హాలు, ఫ్యాన్లు తప్ప ఏమీ లేవు. హాలుకి ముప్పై వేలు దాటితే మావల్ల కాదు. బోర్డులు ఎనిమిది సిద్ధంగా ఉన్నాయి. సలహా చెప్పండి.

గోదారి గట్టు:
హాలు సంగతి తర్వాత, ముందు బోర్డుల లెక్క చూడు తమ్ముడూ. 64 మందంటే మొదటి రౌండు 32 మ్యాచులు. ఎనిమిది బోర్డుల మీద నాలుగు విడతలు. రెండో రౌండు రెండు విడతలు. ఈ రెండు రౌండ్లూ ఒకే సెట్టు పెట్టి, విడతకి ముప్పావుగంట వేసుకున్నా నాలుగున్నర గంటలు. ప్రీ క్వార్టర్స్ నుంచి మూడు సెట్లు ఆడించాలిగా. సెట్టంటే 25 పాయింట్లు లేదా 8 బోర్డులు (ఇక్కడ బోర్డంటే బల్ల కాదు, ఒక ఆట), కాబట్టి మ్యాచ్‌కి గంటన్నర ఉంచుకో. ప్రీ క్వార్టర్స్, క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ కలిపి ఇంకో ఆరు గంటలు. తిండికి విరామం ఇవ్వకుండానే పదిన్నర గంటలయింది. పొద్దున తొమ్మిదికి మొదలెడితే ఫైనల్ చూసేది నువ్వూ, వాచ్‌మనూ.

పదహారు బోర్డులైతే మొదటి రెండు రౌండ్లు మూడు విడతల్లో పోతాయి. మొత్తం ఎనిమిదింపావు గంటలు. పన్నెండు తెచ్చినా పెద్దగా కలిసిరాదు, ఎందుకంటే 32ని పన్నెండుతో, 16ని పన్నెండుతో భాగించి చూడు. తెస్తే పదహారే తే. అన్నీ ఒకే రకం బోర్డులు కావాలి. ఒకటి జారేది, ఒకటి మొరాయించేది అయితే ఓడినోడు నీ మీదకొస్తాడు.

ఇప్పుడు చోటు. ఆడే పలక 74 సెంటీమీటర్లు, దానికి నాలుగువైపులా ఫ్రేము. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని, పక్కన అంపైరు ఉంటే బోర్డుకి పదడుగులు, ఎనిమిదడుగులు తక్కువ కాకుండా చూసుకో. పదహారుకి 1,280 చదరపు అడుగులు. నడిచే దారి, డ్రా టేబులు, పొద్దున్నే తమ వంతు కోసం కూర్చునే ముప్పై మందీ కలిపితే రెండు వేలు దాటాలి. మీ స్కూలు హాలు కొలిచారా?

వైట్ స్లామ్:
కొలవలేదండి బాబాయ్ గారూ. పెద్దదే అనిపించింది.

గోదారి గట్టు:
అనిపించడం కాదు నాయనా, టేపు పట్టుకెళ్ళు.

ఎర్ర కాయిన్:
బ్యాడ్మింటన్ కోర్టు ఈ క్షణమే లిస్టులోంచి తీసేయండి. మేం ఒకసారి అడిగి మాటలు పడ్డాం. చెక్క ఫ్లోరు మీద కుర్చీలు లాగితే గీతలు పడతాయి. అంతకన్నా కాయిన్లు జారడానికి చల్లే బోరిక్ పౌడర్ పెద్ద గొడవ. బోర్డు మీంచి ఎంత జాగ్రత్తగా ఉన్నా కింద పడుతుంది, మర్నాడు షటిల్ ఆడేవాడు జారిపడతాడు. మీవాళ్ళు మొహమాటానికి ఒప్పుకుని ఉంటారు, పౌడర్ మాట చెప్పి మళ్ళీ అడిగి చూడండి. పైగా అక్కడ లైట్లు ఎంతో ఎత్తున పక్కలకి ఉంటాయి. ఆడేవాడి చెయ్యి నీడ సరిగ్గా వాడు కొట్టే కాయిన్ మీదే పడుతుంది.

అసలు ఏ హాలు తీసుకున్నా బోర్డు బోర్డుకీ నెత్తిన షేడున్న దీపం వేలాడాల్సిందే. పూర్వం వంద వాట్ల బల్బులు పెట్టేవాళ్ళు, వేసవిలో నెత్తి మాడిపోయేది. ఇప్పుడు పన్నెండు వాట్ల ఎల్‌ఈడీ చాలు. పదహారుకి కలిపినా రెండొందల వాట్లు రావు, స్కూలు వైరింగు కూడా తట్టుకుంటుంది. ఫంక్షన్ హాళ్ళ సీలింగు మీకు అందదు, మేకు కొట్టనివ్వరు. టెంట్ హౌస్ వాళ్ళకి చెబితే వరస పొడుగునా రెండు చివర్లా స్టాండ్లు పెట్టి మధ్యలో పైపు కడతారు. దానికి నాలుగు దీపాలు వేలాడదీయండి. నాలుగు వరసలకి నాలుగు పైపులు.

ఫ్యాన్ల గురించి: కాయిన్ కదలదు గానీ పౌడర్ అంతా ఒక మూలకి చేరుతుంది. అక్కడ స్ట్రైకర్ ఒకలా, ఇక్కడ ఒకలా పోతుంది. ట్యూబ్‌లైటు కింద ఫ్యాను రెక్కలు తిరుగుతూ బోర్డు మీద నీడలు ఆడితే ఇంకా నరకం.

కోడి కూత:
సంక్రాంతా! భీమవరంలో ఉండి ఈ మాట అనడానికి మీకు గుండె ధైర్యం ఎక్కువండి. పందేలకి వచ్చేవాళ్ళు నెలల ముందే లాడ్జీలన్నీ పట్టేస్తారు. ఏలూరోడు ఎలాగోలా బస్సెక్కి ఇంటికి పోతాడు, దూరం నుంచి వచ్చినోడు ఎక్కడ పడుకుంటాడు? అంపైర్లు, టెంట్ హౌస్ కుర్రాళ్ళు, వంటవాళ్ళు ఒక్కడు దొరకడు. మీ ఆటగాళ్ళలో సగం మంది కూడా బరి దగ్గరే ఉంటారు, ఒట్టు. పైగా ఆ మూడు రోజులూ నలుగురు గుమిగూడి డబ్బు మాట ఎత్తితే పోలీసుల చూపు అటే ఉంటుంది. ప్రైజ్ మనీ వివరాలతో స్టేషన్లో ఒక కాగితం ఇచ్చి ఉంచండి, మీ హాల్లో పక్క పందేలు రానివ్వకండి.

వైట్ స్లామ్:
అర్థమైందండి. అయితే ఆషాఢంలో పెడితే? పెళ్ళిళ్ళుండవు కాబట్టి ఫంక్షన్ హాలు సగానికి ఇస్తానన్నాడు ఓనరు.

గోదారి గట్టు:
అద్దె సగం, ఆట కూడా సగమే. వానల్లో బోర్డు చెమ్మ పీలుస్తుంది, పౌడర్ ముద్దకడుతుంది, స్ట్రైకర్ బంకలో పడ్డట్టు నడుస్తుంది. ఏసీ ఆపకుండా వేస్తే పరవాలేదు, మరి ఆ కరెంటు బిల్లు ఎవరిది?

పుష్యమాసం చూడు. దానిలోనూ ముహూర్తాలుండవు, హాళ్ళు ఖాళీ. గాలి పొడిగా ఉంటుంది, ఫ్యాను అవసరం పడదు. పండగ జనం తిరిగెళ్ళాక జనవరి చివర్లో ఒక ఆదివారం పెట్టుకో. జనవరి 26 సెలవే గానీ స్కూలు వాళ్ళు జెండా ఎగరేసి, పిల్లల డ్యాన్సులు అయ్యేదాకా హాలు ఇవ్వరు.

డ్యూ కాయిన్:
ఫంక్షన్ హాలు అనుభవం నాది రాస్తాను, ఊరూ పేరూ వద్దు. మేం తీసుకున్నది కింద భోజనాల హాలు, చవకని. ఆట మొదలయ్యాక చూస్తే కాయిన్లన్నీ ఒకే వైపు మొగ్గుతున్నాయి. భోజనాల హాలు కడిగితే నీళ్ళు పోవాలి కాబట్టి నేలని వాలుగా కడతారట! అది మేస్త్రీకి తెలుసు, మాకేం తెలుసు. అట్టముక్కలు మడిచి స్టాండ్ల కింద పెడుతూ గంట పోయింది. అప్పట్నుంచి హాలు చూడ్డానికి వెళ్తే నేల వాలు చూసే రసమట్టం జేబులో వేసుకునే వెళ్తున్నాను.

అంతటితో అయిందా? పై హాల్లో ఎవరిదో ఓణీల ఫంక్షన్. మధ్యాహ్నం రెండింటికి డీజే మొదలయింది. సెమీస్ ఆడుతుంటే బోర్డు మీద కాయిన్లు కూడా స్టెప్పులేసినట్టే ఉంది. రెండు హాళ్ళున్న చోట రెండోది ఎవరికిచ్చారో అడిగి, రాయించుకోండి.

అద్దె రోజు ఎన్ని గంటల నుంచి లెక్కో కూడా అడగండి. ముందురాత్రి పెళ్ళి ఉంటే పొద్దున ఎనిమిదింటికి కూడా పూలదండలు విప్పుతూనే ఉంటారు, నేల తడి. బోర్డులు ముందు సాయంత్రమే వేసుకోనిస్తేనే తీసుకోండి, రాత్రి తాళం మీ దగ్గరే ఉండాలి. కరెంటు మీటరు ప్రకారం విడిగా కట్టించుకుంటారా, జనరేటర్ గంటకెంత అన్నది కూడా ముందే తేల్చుకోండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు చీకట్లో ఎవడి చెయ్యి తగిలిందో తేల్చడం బ్రహ్మతరం కాదు. దీపాల లైను ఒక్కటి ఇన్వర్టర్ మీద పెట్టించండి.

పై అంతస్తు అంటున్నారు. ఫుల్ సైజు బోర్డు ఇరవై కిలోలకి దగ్గర్లో ఉంటుంది. పదహారు బోర్డులు, స్టాండ్లు. లిఫ్టులో బోర్డు పడుతుందో లేదో చూశారా?

బేస్ లైన్:
అన్నయ్యలందరూ దీపాల గురించి చెప్పారు, నేను బాత్రూముల గురించి చెబుతాను. నేను చాలా టోర్నమెంట్లు ఆడాను. ఆడవాళ్ళ టాయిలెట్‌కి తాళం వేసి, తాళంచెవి ఉన్న మనిషి టీకి వెళ్ళిన చోట్లే ఎక్కువ. అమ్మాయిల ఎంట్రీలు రాలేదని తర్వాత అనుకోకండి. స్కూలైతే ఇంట్లోవాళ్ళు కూడా ధైర్యంగా పంపుతారు, పేకాట ఆడే క్లబ్బులైతే మా నాన్న గేటు దాకా కూడా రానివ్వరు.

కుర్చీలు చూడండి. శాటిన్ గుడ్డ తొడిగిన మెత్తటి పెళ్ళి కుర్చీల్లో కూర్చుంటే దిగిపోతాం. బోర్డు స్టాండు 63 నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తు, దానికి సరిపడా చేతుల్లేని గట్టి కుర్చీ కావాలి. టోర్నమెంటు ప్రకటన కాగితం మీద ఏ స్టేషన్లో దిగాలో కూడా వేయండి, మీకు భీమవరం టౌన్, జంక్షన్ రెండున్నాయి. పోయినసారి నేను తప్పు చోట దిగాను.

వైట్ స్లామ్:
ఆదివారం టేపు, రసమట్టం, ఒక బోర్డు, ఇద్దరు ఆటగాళ్ళతో స్కూలుకి వెళ్ళొచ్చామండి. హాలు 60 అడుగులు, 38 అడుగులు. నేల సమంగానే ఉంది. పొద్దున పదింటికి ఒక సెట్టు ఆడాం, బాగుంది. మధ్యాహ్నం వెలుగు ఎలా ఉంటుందో చూద్దామని మూడున్నరకి మళ్ళీ ఆడాం. పడమటి కిటికీల్లోంచి ఎండ నేరుగా బోర్డు మీదికే వచ్చింది, తెల్ల కాయిన్లు కళ్ళలో గుచ్చుకుంటున్నాయి. హెడ్మాస్టరు గారు కర్టెన్లు కట్టుకోమన్నారు. అద్దె వద్దు, రెండు బోర్డులు పిల్లలకి ఇచ్చి వెళ్ళండి చాలన్నారు.

గోదారి గట్టు:
కర్టెన్ గుడ్డ గాలికి ఎగిరితే వెలుగూనీడా ఆడుతుంది, అట్టలు కొట్టించు. మూడున్నరకి మిగిలేది ఎటూ నాలుగు బోర్డులో, రెండో. వాటిని తూర్పు గోడ వైపు వరసలో వేసుకో. పొద్దున ఎండ అటు నుంచి రాదుగా?

వైట్ స్లామ్:
తూర్పున గోడేనండి, కిటికీల్లేవు.

గోదారి గట్టు:
అయితే డేటు చెప్పు. నా స్ట్రైకర్ తుడుచుకోవాలి.