అడవి అంచు ఊరికి సొంత విద్యుత్తు: వాగు నీరా, సౌర పలకలా?

ప్రశ్న (వాగుగట్టు)

అడవి అంచున ఉన్న ఎనభై ఇళ్ల ఊరు సొంతంగా విద్యుత్తు తయారు చేసుకోవాలని ఆలోచిస్తోంది. ఊరికి ఎగువన ఒక వాగు ఉంది. సుమారు 20 మీటర్ల ఎత్తు నుంచి నీటిని గొట్టంలో కిందికి దింపే వీలుంది. ఎండకూ కొదవ లేదు. ఊళ్లో సగం మంది టర్బైను అంటున్నారు, సగం మంది సౌర పలకలు అంటున్నారు. ఏది పెట్టినా వాగులోని చేపలకు, అడవికి హాని జరగకూడదన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. నిర్ణయానికి ముందు ఏయే లెక్కలు వేసుకోవాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (నీటిమర)

సెకనుకు 50 లీటర్ల నీరు 20 మీటర్ల ఎత్తు నుంచి దిగితే దానిలోని శక్తి 9.8 కిలోవాట్లు. గొట్టంలోని రాపిడి, టర్బైను, జనరేటరు నష్టాలు పోగా చేతికి వచ్చేది ఐదారు కిలోవాట్లు మాత్రమే. ఎనభై ఇళ్లకు పంచితే ఇంటికి డెబ్బై వాట్లు కూడా రావడం కష్టమే కాబట్టి ఇది చాలా స్వల్పంగా కనిపిస్తుంది. అయితే టర్బైను రాత్రింబవళ్లు తిరుగుతుంది. రోజుకు 130 యూనిట్ల దాకా వస్తుంది. అన్ని యూనిట్లు ఎండ నుంచి రాబట్టాలంటే 30 కిలోవాట్లకు పైగా పలకలు, రాత్రి వాడకానికి బ్యాటరీలు కావాలి.

ఆ 50 లీటర్లు ఏ నెలలో కొలిచారన్నదే అసలు సంగతి. వానాకాలంలో కొలిచి యంత్రం కొన్నవారికి వేసవిలో అది అలంకారంగా మిగులుతుంది. వాగుకు అడ్డంగా గట్టి పలక నిలిపి, దానిలో 90 డిగ్రీల ‘వి’ ఆకారపు గాడి కోసి, నీరంతా ఆ గాడిలోంచే పారేలా చేయండి. పలకకు కొంచెం ఎగువన, గాడి అడుగు మట్టం నుంచి నీటి ఎత్తు 26, 27 సెంటీమీటర్లు ఉంటే ప్రవాహం సెకనుకు 50 లీటర్లకు దగ్గరగా ఉన్నట్టు. కొలత పూర్తయ్యాక పలకను తీసివేయాలి. ఏడాది పొడవునా, ముఖ్యంగా ఎండలు ముదిరిన రోజుల్లో, ఈ కొలత తీసుకోవాలి.

ఇక చేపల సంగతి. జలాశయం కట్టనంత మాత్రాన వాగుకు నష్టం లేదనుకోవడం పొరపాటు. నీటిని మళ్లించిన చోటికీ, టర్బైను నుంచి తిరిగి వదిలే చోటికీ మధ్యనున్న పాయ ఎండిపోతే అక్కడి ప్రాణులన్నీ పోతాయి. అందుకు మంచి ఉపాయం ఒకటుంది: నీటిని గొట్టంలోకి మళ్లించే చిన్న అడ్డుకట్టలో, గొట్టం మూతికంటే కింది మట్టంలో, మూత పెట్టడానికి వీలులేని ఒక కన్నం వదలడం. అప్పుడు వాగు తన వాటా తీసుకున్నాక మిగిలిన నీరే గొట్టంలోకి వెళుతుంది. ఎవరి మంచితనం మీదా ఆధారపడనక్కరలేదు. కన్నం ఎంత ఉండాలన్నది వాగులోని జలచరాలను ఎరిగినవారిని అడిగి తేల్చుకోవాలి. గొట్టం మూతికి చేపపిల్లలు దూరనంత సన్నని జల్లెడ, ఇసుక దిగడానికి ఒక తొట్టి తప్పనిసరి.

సమాధానం (పొగలేనిపొయ్యి)

పై వివరణతో విభేదం లేదు గానీ, ప్రశ్నలో ఒక ముఖ్యమైన విషయం తప్పిపోయింది. అడవి తరిగేది దీపాల వల్ల కాదు, వంటచెరకు వల్ల. ఇంటికి డెబ్బై వాట్లతో వంట సాగదు కాబట్టి, టర్బైను వచ్చినా కట్టెలమోపులు ఆగవు. పశువులున్న ఇళ్లకు గోబర్ గ్యాస్ సంగతి ముందు ఆలోచించండి. దాదాపు 25 కిలోల పేడ నుంచి ఒక ఘనమీటరు గ్యాసు వస్తుంది. నలుగురైదుగురున్న కుటుంబానికి రోజుకు సుమారు రెండు ఘనమీటర్లు సరిపోతుంది. మిగిలిన ముద్ద పొలానికి ఎరువవుతుంది. గ్యాసు కారిపోకుండా అతుకుల దగ్గర సబ్బునీళ్లు పూసి చూస్తుండాలి. ఆ గ్యాసులో ప్రధానంగా ఉండే మీథేన్ నూరేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటే పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఇది నిర్లక్ష్యం చేస్తే చేసిన మేలంతా గాలికి పోతుంది.

సమాధానం (ఎండపొద్దు)

వాగా, ఎండా అని ఒక్కదాన్నే ఎంచుకోవడం ఎందుకు? వాగు బక్కచిక్కే రోజుల్లోనే ఎండ దండిగా ఉంటుంది, మబ్బు పట్టిన రోజుల్లో వాగు నిండుగా పారుతుంది. రెండూ ఉంటే బ్యాటరీలు తక్కువ పడతాయి. పలకలను ఇళ్ల కప్పుల మీదే పెట్టండి. ఒక మూల నీడ పడినా వరుసలోని పలకలన్నిటి ఉత్పత్తి పడిపోవచ్చు. ఆ సాకుతో చెట్లు కొట్టే పరిస్థితి రాకుండా చోటు ముందే చూసుకోవాలి. సీసపు బ్యాటరీలు కొంటే, పాతవాటిని అమ్మినవారే వెనక్కి తీసుకుంటారని కాగితం మీద రాయించుకోండి. ఊళ్లోనే పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ విషం నేలలోకి, పిల్లల ఒంట్లోకి చేరుతుంది.

ప్రశ్నించినవారు (వాగుగట్టు)

అందరికీ కృతజ్ఞతలు. వంటచెరకు సంగతి నిజంగానే మా చర్చలో రాలేదు. మరొక సందేహం: రాత్రి అందరూ నిద్రపోయాక ఆ కరెంటు ఏమవుతుంది?

సమాధానం (నీటిమర)

వాడకం తగ్గితే టర్బైను వేగం పెరిగి జనరేటరు పాడవుతుంది. అందుకని ఎలక్ట్రానిక్ లోడ్ కంట్రోలరు మిగులు విద్యుత్తును ఒక హీటరుకు మళ్లిస్తుంది. ఆ హీటరును నీళ్ల తొట్టిలో ఉంచితే తెల్లవారేసరికి బడికో, ఆరోగ్య కేంద్రానికో వేడినీళ్లు సిద్ధం. పిండిమర పెట్టాలనుకుంటే దాన్ని పగలే నడపండి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కనుక మోటారును మెల్లగా అందుకునేలా చేసే సాఫ్ట్ స్టార్టరు లేకుండా బిగించవద్దు.